ఫిలెమన్ వేయని కుట్టు

అమెరికా తూర్పు తీరాన మార్బుల్‌హెడ్‌లో మా సందు చివర, సముద్రం వైపు కొంచెం ఒరిగిన పాత మేడ ఒకటి ఉంది. కింద వలల కొట్టు, పైన ఖాళీ. ఆ పై అంతస్తులో ముప్ఫై అయిదేళ్ళ పాటు ఒకే కిటికీ పక్కన, కాళ్ళు మడుచుకు కూర్చుని తెరచాపలు కుట్టినవాడి పేరు ఫిలెమన్ ట్రెఫ్రీ.

అతని గురించి ఎవరూ ఏమీ రాయలేదు. యుద్ధాల పుస్తకాల్లో కెప్టెన్లుంటారు, ఫిరంగులుంటాయి. పోయినవాళ్ళను గుడ్డలో చుట్టి కుట్టినవాడు ఉండడు. నాకు తెలిసిందంతా మా నాయనమ్మ హనోరా చెప్పగా విన్నదే. బళ్ళో నాకు చదువు చెప్పిన సన్యాసిని సిస్టర్ పెర్పెచువా నేను అబద్ధాలకోరునని మా నాన్నకు మూడుసార్లు చీటీ రాసింది. అందులో రెండుసార్లు పొరపాటు ఆవిడదే. కాబట్టి నమ్మదలచినవాళ్ళు ధైర్యంగా నమ్మవచ్చు.

ఫిలెమన్ బక్కపలచటి మనిషి. కుడిచేతి బొటనవేలు మాత్రం మనిషికి సంబంధం లేనంత లావు. చాపలు కుట్టేవాళ్ళు అరచేతికి తోలుపట్టీ కట్టుకుని, దాంతో సూదిని నెడతారు. పద్నాలుగో ఏట కట్టిన ఆ పట్టీని అతను నిద్రలో తప్ప విప్పేవాడు కాదట. జేబులో తేనెమైనం ముద్ద, టోపీ అంచున మూడు సూదులు. మా ఊళ్ళో అసలు పేరుతో బతికినవాడు లేడు గనక అతన్ని అందరూ ‘సూది’ అనేవారు.

ఇంగ్లండుతో రెండోసారి యుద్ధం వచ్చిన సంవత్సరం, అంటే పద్దెనిమిది వందల పన్నెండులో, సూది ఒక ఫ్రిగేట్ యుద్ధనౌక మీద చాపలవాడి సహాయకుడిగా చేరాడు. ఆ ఓడ పేరు చెప్పను. దాని మీద పనిచేసినవాళ్ళ మనవలు ఇంకా మా ఊళ్ళో ఉన్నారు, వాళ్ళ చేతులు పెద్దవి. అతనితో పాటు మా సందులోంచే ఇంకొకడు చేరాడు. ఆంబ్రోస్ డిక్సీ. ఇద్దరూ ఒకే ఏడాది పుట్టినవాళ్ళు, ఒకరి ఇంట్లో అన్నం ఇంకొకరు తిని పెరిగినవాళ్ళు.

ఆంబ్రోస్ గురించి చెప్పాలంటే ముందు అతని ముక్కు గురించి చెప్పాలి. అది పొడవైన ముక్కు. చిన్నప్పుడు చేపలు ఎండబెట్టే తడికల మీంచి పడి విరిగి, వంకరగా అతుక్కుంది. అప్పటినుంచి ఊపిరి తీసినప్పుడల్లా సన్నగా ఈల వినిపించేది. ఓడలో పక్క పడకలవాళ్ళు, “ఒరేయ్, ఎవడ్రా కెటిలు పొయ్యిమీద వదిలేసింది?” అని అరిచేవారు.

ఆ ముక్కు మీద స్నేహితులిద్దరికీ ఒక హాస్యం ఉండేది. దానికి కారణం నౌకల్లోని ఆచారం. సముద్రం మీద పోయినవాణ్ణి అతని వేలాడే పడకలోనే చుట్టి, కాళ్ళ దగ్గర రెండు ఫిరంగి గుళ్ళు పెట్టి, కాళ్ళనుంచి తలవైపు కుట్టుకుంటూ వస్తారు. ఆఖరి కుట్టు ముక్కులోంచి వేస్తారు. ఎందుకని అడిగితే నావికులు రెండు కారణాలు చెబుతారు. ఒకటి, లోపలివాడిలో ఇంకా ప్రాణముంటే సూది దిగగానే ఉలిక్కిపడతాడు. రెండోది, ఆఖరి కుట్టు పడనివాడు అడుగున పడుకోడు, కుట్టినవాడి వెనకాలే వస్తాడు.

“ఒరేయ్ సూదీ, నా వంతు వచ్చినప్పుడు ఈ సూది చాలదురా. తిమింగలాలను పొడిచే ఈటె తెచ్చుకో,” అనేవాడు ఆంబ్రోస్.

“నీ ముక్కుకి దారం ఎవడిస్తాడ్రా? ఓడలో తాళ్ళన్నీ అయిపోతాయి.”

“అయితే నన్ను చావనివ్వకు. ఓడ ఆగిపోతుంది.”

ఆ ఏడాది చలికాలం మొదట్లో, బెర్ముడా దీవులకు ఇవతల, వాళ్ళ ఓడ ఒక ఇంగ్లీషు ఫ్రిగేట్‌తో తలపడింది. నలభై నిమిషాలు. గెలిచింది మావాళ్ళే. అయిదుగురు పోయారు. నలుగురి సంగతి చూడగానే తెలిసిపోయింది. అయిదోవాడు ఆంబ్రోస్. ఒంటిమీద గీత లేదు. గుండు అతనికి తగల్లేదు, చెవి పక్కనుంచి పోయింది. ఆ విసురుకే పడిపోయాడని దగ్గరున్నవాళ్ళు చెప్పారు. డాక్టరు మోచేతుల దాకా రక్తంతో వచ్చి, గుండెమీద ఒక్కసారి చెవి ఆనించి, “వీడయిపోయాడు. తర్వాతివాణ్ణి తీసుకురండి,” అన్నాడు.

మర్నాడు పొద్దున సముద్రం అద్దంలా ఉంది. పెద్ద చాపలవాడికి చెయ్యి విరగడంతో కుట్టుపని ఫిలెమన్ మీద పడింది. నలుగురికి మామూలుగా కుట్టాడు, ఆఖరి కుట్లు వేశాడు. ఆంబ్రోస్ దగ్గరికి వచ్చేసరికి మెడదాకా వచ్చిన చెయ్యి ఆగింది. చల్లగానే ఉన్నాడు. ఆ పొద్దున అన్నీ చల్లగానే ఉన్నాయి. ఏ గాయమూ లేని ముఖం, ఏదో హాస్యమాడి జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టుగా ఉంది. ఫిలెమన్ ఆ ముక్కును ముట్టుకోలేకపోయాడు. గుడ్డ అంచులు రెండూ దానిమీద కలిపి, దారాన్ని పైపైనే లాగి ముడి వేశాడు.

సరంగు వరసగా చూసుకుంటూ వచ్చి అడిగాడు. “ఆఖరి కుట్టు పడిందా?”

“పడింది.”

“అయిదుగురికీ?”

“పడిందన్నాగా, సరంగన్నా.”

కెప్టెన్ ప్రార్థన చదివాడు. మొదటి నలుగురూ ఓడ అంచున వంచిన చెక్కపలకమీంచి సముద్రంలోకి జారిపోయారు. అయిదోవాణ్ణి పలకమీద పెట్టారు. అప్పుడు ముఖం ఉన్నచోట గుడ్డ చిన్న గుంటలా లోపలికి పోయింది. మళ్ళీ పైకొచ్చింది. గాలనుకుందామంటే గాలి లేదు. జెండా కర్రకు అంటుకుపోయి వేలాడుతోంది.

ఫిలెమన్ నోరు తెరిచాడు. ఆపండంటే, తాను కుట్టు వేయలేదని ఒప్పుకోవాలి. ఎంతసేపు ఆలోచించాడో అతనికే తెలియదు. మహా అయితే మూడు గుక్కల ఊపిరంత. పలక వంగింది. నీళ్ళు ఒక్కసారి చప్పుడు చేసి మూసుకున్నాయి.

అప్పటినుంచి అతని బతుకులో ఉన్నది ఒకటే ప్రశ్న. తాను సముద్రంలో వేసింది శవాన్నా, మనిషినా?

వసంతానికి ఓడ తిరిగొచ్చింది. అతని ఒప్పందం గడువు తీరిపోవడంతో ఇంటికొచ్చాడు. సందు మలుపులోనే ఆంబ్రోస్ తల్లి నిలబడి ఉంది. టాబితా డిక్సీ. ఊరంతటికీ టాబితత్త. యాభై నిండని మనిషే అయినా, భర్తనూ ఇద్దరు కొడుకులనూ చేపల వేటలో పోగొట్టుకుని ఒంగిపోయింది. మూడోవాడు ఆంబ్రోస్.

“నువ్వే కుట్టావటగా నాయనా?”

“నేనే అత్తా.”

“ఆఖరి కుట్టు కూడా?”

“…వేశాను.”

ఆవిడ అతని కుడిచెయ్యి పట్టుకుని, ఆ లావు బొటనవేలిని ముద్దుపెట్టుకుంది. “ఆ ఇద్దరినీ ఎవరూ కుట్టలేదురా. వాళ్ళకు గుడ్డే లేదు. వీడొక్కడైనా కుదురుగా పడుకున్నాడు. అది చాలు నాకు,” అంది.

ఆ శనివారంనుంచి మొదలుపెట్టి ప్రతి శనివారం మధ్యాహ్నం, మూతపెట్టిన మట్టిగిన్నెలో కాడ్ చేప, ఉల్లిపాయ, పందికొవ్వు వేసి కాచిన చారు పట్టుకుని ఆవిడ మేడ మెట్లెక్కేది. అతను తినేదాకా ఎదురుగా కూర్చునేది. తన కొడుకును కుదురుగా పడుకోబెట్టిన చేతికి అది ఆవిడ తీర్చుకుంటున్న మొక్కు. అతను ఆవిడ ముఖం చూడకుండా గిన్నె అడుగుదాకా తినేవాడు.

ఇక్కడ పెనాల సంగతి చెప్పాలి. పొగమంచు కమ్మిన రోజుల్లో మా ఊరి ఆడవాళ్ళు రేవు ముఖాన ఉన్న కోట దగ్గరి రాళ్ళమీద నిలబడి ఇనపపెనాలు మోగిస్తారు, పడవలకు దారి తెలియాలని. ఒక్కొక్క ఇంటికి ఒక్కొక్క వరస. ఎవడి పెనం మోత వాడికి తెలుసు. టాబితత్తది రెండు దెబ్బలు, ఆగి, ఒకటి. కబురు తెలిసిన రోజున ఆవిడ పెనాన్ని గోడకు బోర్లా తగిలించేసింది. పోయినవాడికోసం పెనం కొట్టకూడదు. కొడితే వస్తాడు.

ఫిలెమన్ మేడమీద పని మొదలుపెట్టాడు. మొదటి చాప నాట్ బౌడెన్ అనే చేపలవాడిది. సగం కుట్టి పక్కన వేలాడదీశాడు. కిటికీ మూసి ఉంది. మధ్యాహ్నం ఎండ నేలమీద పడుతోంది. ఆ చాప, మనిషి తల ఎత్తున, పిడికిలంత మేర లోపలికి పోయింది. పైకొచ్చింది. లోపలికి పోయింది. ఫిలెమన్ సూది కింద పెట్టి వింటూ కూర్చున్నాడు. చాలాసేపటికి వినిపించింది. సన్నగా ఈల.

అతను ఎవరికీ చెప్పలేదు. చాప పూర్తిచేసి ఇచ్చేశాడు.

వారం తిరక్కుండా బౌడెన్ మెట్లమీద దడదడా వచ్చాడు. “ఒరేయ్ సూదీ! ఏం మంత్రం వేశావురా? ఆకు కదలని రోజున మిగతావాళ్ళంతా తెడ్లు వేసుకుని చస్తుంటే నా పడవ దానంతటదే పోతోంది! మా బావమరిదికీ ఒకటి కుట్టు.”

ఊరు విరగబడింది. ఆ వేసవిలో ఫిలెమన్ ఏడు చాపలు కుట్టాడు. ఏడూ ఊపిరి తీసేవి. ఆగస్టు నెలలో బౌడెన్ మళ్ళీ వచ్చాడు. ఈసారి మెల్లగా వచ్చాడు. చాప చుట్టి భుజాన మోసుకొచ్చి మేడ మధ్యలో పడేశాడు.

“తీసుకో.”

“ఏమయింది?”

“గాలి ఉన్నన్నాళ్ళూ బాగానే ఉందిరా. గాలి లేనప్పుడు ఇది ఒకేవైపు పోతుంది. ఆగ్నేయానికి. చుక్కాని ఎటు తిప్పినా అటే. నిన్న గుక్కెడు నీళ్ళు లేకుండా తీరం కనపడనంత దూరం లాక్కుపోయింది. తెర దించాక కూడా…” బౌడెన్ గొంతు తగ్గించాడు. “పడవ అడుగున మడతపెట్టి పెడితే, లోపల ఎవడో పడుకున్నట్టు ఉందిరా దీని తీరు. నేను సగందూరం దాని పక్కన కూర్చోలేక నిలబడే వచ్చాను.”

బెర్ముడా మాకు ఆగ్నేయం. ఫిలెమన్‌కు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు.

ఏడు చాపలూ తిరిగొచ్చాయి. ఆరింటిని ముక్కలుగా కోసి కాల్చాడు. ఏడోది, అన్నిటికన్నా పెద్దది, కాల్చడానికి చేతులు రాలేదు. దాన్ని మూల చుట్టిపెట్టి దానివైపు వీపు పెట్టుకుని కుట్టుకునేవాడు. టాబితత్త శనివారం వచ్చినప్పుడల్లా సరిగ్గా ఆ చుట్టమీదే కూర్చునేది. “మెత్తగా ఉందిరా ఇది,” అనేది. ఆవిడ కూర్చున్నంతసేపూ అది ఊపిరి బిగబట్టుకుని ఉండేది.

ఆకురాలే కాలంలో బోస్టన్‌నుంచి ఒక గుత్తేదారు మనిషి వచ్చాడు. అక్కడ కాన్‌స్టిట్యూషన్ అనే పెద్ద ఫ్రిగేట్ సముద్రంలోకి వెళ్ళడానికి సిద్ధమవుతోంది. ఇంగ్లీషు గుళ్ళు తగిలి కిందపడ్డాయని, దానికి ‘ఇనపపక్కలది’ అని అప్పటికే పేరు. చాపలు చాలక చుట్టుపక్కల ఊళ్ళన్నీ గాలిస్తున్నారు. మూలనున్న చుట్ట చూసి, “ఇది కావాలి. కోసి రెక్కచాప చేసుకుంటాం,” అన్నాడు. గాలి పలచగా ఉన్నప్పుడు పెద్దచాపల పక్కన రెక్కల్లా అదనంగా కట్టేవి రెక్కచాపలు.

ఫిలెమన్ వద్దనాలి. అనలేదు. ఎందుకు వద్దో చెప్పాల్సొస్తుంది. రెండోసారి కూడా అతను నోరు తెరిచి మూసుకున్నాడు.

మరుసటి ఏడాది ఏప్రిల్ మూడో తేదీ ఆదివారం. ఆ రోజు ఏం జరిగిందో మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. మందిరంలో ప్రార్థన నడుస్తుండగా ఎవరో తలుపు తోసుకొచ్చి, ఓడలొస్తున్నాయని అరిచారు. బోధకుడు వాక్యం మధ్యలో ఆపేశాడు. అందరూ కోట దగ్గరికి పరుగెత్తారు. ముందు కాన్‌స్టిట్యూషన్. వెనక రెండు ఇంగ్లీషు ఫ్రిగేట్లు. రెండింటితో ఒక్కటి తలపడటం కుదరదు, మా రేవులోకి దూరితే తప్ప బతకదు. బరువు తగ్గించడానికి నీళ్ళూ తిండీ సముద్రంలో పారేస్తున్నారు. రమ్ము పీపాలు కూడా పారేశారు. మా ఊరివాళ్ళకు ఇప్పటికీ ఎక్కువ బాధ దానిగురించే.

అందరికీ తెలిసింది ఇంతవరకు. తక్కినది మా నాయనమ్మ చెప్పినది.

రేవు ఇంకో మైలుందనగా గాలి పడిపోయింది. మూడు ఓడలూ నీళ్ళమీద బొమ్మల్లా నిలిచాయి. చాపలన్నీ తడిగుడ్డల్లా వేలాడాయి. కోటమీద అంతమంది జనం ఉన్నారు, ఒక్క దగ్గు లేదు. అప్పుడు ఇనపపక్కలదాని కుడివైపు ఒక రెక్కచాప కదిలింది. లోపలికి పోయింది. పైకొచ్చింది. లోపలికి పోయింది.

“గాలొచ్చింది!” అని ఎవరో కేకపెట్టారు.

“గాలి కాదురా అది,” అన్నాడు నాట్ బౌడెన్. తిరిగి ఫిలెమన్ ముఖంలోకి చూశాడు. “అది నాకు తెలుసు. నీకూ తెలుసు.”

ఓడ ముక్కు మెల్లగా తిరగడం మొదలైంది. రేవునుంచి పక్కకి. ఆగ్నేయానికి. అక్కడే ఇంగ్లీషు ఫ్రిగేట్లు రెండూ ఫిరంగి తలుపులు తెరుచుకుని ఉన్నాయి. ఓడమీద నాలుగు వందల మంది. వాళ్ళు ఆ చాపను దించడానికి తాళ్ళు లాగుతుండటం ఒడ్డుకు కనిపిస్తోంది. అది దిగడం లేదు.

ఫిలెమన్‌కు మూడోసారి వచ్చింది ఆ గడియ. జనంలో టాబితత్త ఎక్కడుందో వెతికి, అందరూ చూస్తుండగా ఆవిడ ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు.

“అత్తా, నేను కుట్టలేదు.”

“ఏం కుట్టలేదురా?”

“ఆంబ్రోస్‌కి ఆఖరి కుట్టు వేయలేదు. వేశానని చెప్పాను. సరంగుతో చెప్పాను, నీతో చెప్పాను. వాడు అక్కడున్నాడు. ఆ చాపలో. వాడు పడుకోలేదత్తా.”

ఆవిడ ముఖంలో ఏమీ కదల్లేదట. పక్కనున్న ఆడవాళ్ళు ఒక్కడుగు వెనక్కి వేశారు.

“కుట్టు పడలేదంటే సరిపోదు,” అంది ఆవిడ నెమ్మదిగా. “ఇంకా ఏదో ఉంది. చెప్పు.”

“పలక మీద… ముఖం దగ్గర గుడ్డ లోపలికి పోయింది. నేను చూశాను. ఆపమనలేదు.”

“ఊపిరా?”

“తెలియదత్తా. ఆ రోజునుంచీ తెలియడం లేదు.”

టాబితత్త సముద్రంవైపు చూసింది. ఓడ ముక్కు ఇంకో వేలెడంత తిరిగింది. ఆవిడ వెనక్కి తిరిగి, పాతికేళ్ళ పిల్లలా సందులోకి పరుగెత్తింది. వచ్చేటప్పుడు చేతిలో పెనం ఉంది, దానిమీద ఏడాదిన్నర దుమ్ము.

“వద్దు టాబితా!” అన్నారు ఆడవాళ్ళు. “పోయినవాణ్ణి పిలవకూడదు!”

“వాడెక్కడికి పోయాడే? మీరూ చూస్తున్నారుగా!”

రాళ్ళ అంచుకు పోయి కొట్టింది. రెండు దెబ్బలు. ఆగి, ఒకటి.

ఆ మోత నీళ్ళమీద అంతదూరం వెళ్ళి తిరిగొచ్చింది. రెక్కచాప ఊపిరి మధ్యలో ఆగిపోయింది. ఎవరో తల తిప్పి విన్నట్టు.

రెండు దెబ్బలు. ఆగి, ఒకటి. “ఆంబ్రోస్! చీకటి పడుతోందిరా! ఇంటికి రా!” అని అరిచింది, మిట్టమధ్యాహ్నం ఎండలో.

చాప నిండుగా ఉబ్బింది. ఓడ ముక్కు వెనక్కి తిరిగింది. అప్పుడు మొదటిసారి కోటమీద జనమంతటికీ వినిపించిందట ఈల. గాలి లేని నీళ్ళమీంచి, కెటిలు మరిగినట్టు, సన్నగా, తల్లి పెనం దెబ్బల మధ్య ఖాళీలో. ఇనపపక్కలది నేరుగా రేవులోకి వచ్చి కోట ఫిరంగుల కింద లంగరు వేసింది. తర్వాత నిజమైన గాలే వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు కాసేపు చూసి, తిరిగి సముద్రంలోకి పోయారు.

ఊళ్ళోవాళ్ళు పడవల్లో నీళ్ళూ రొట్టెలూ తీసుకుని ఓడదగ్గరికి వెళ్ళారు. బౌడెన్ పడవలో ఫిలెమన్, టాబితత్త ఎక్కారు. డెక్కుమీద ఆ రెక్కచాపను దించి కుప్పగా వేశారు. దాని చుట్టూ నాలుగైదు గజాల మేర ఎవరూ లేరు.

“ఎవరమ్మా నువ్వు?” అన్నాడు కాపలా ఉన్న నావికుడు. “దాని దగ్గరికి పోకు. లోపల ఎవడో ఉన్నాడనుకుని మేం రెండుసార్లు విప్పి చూశాం.”

“నావాడే. నాకేం భయం?” అంటూ ఆవిడ డెక్కుమీద కూర్చుంది. గుడ్డను పరిచి, నిద్ర నటిస్తున్న పిల్లవాడి ముఖం తడిమినట్టు తడిమింది. ఒకచోట చెయ్యి ఆగింది. “ఇక్కడ. ముక్కు ఇక్కడుంది. సూది తియ్యి.”

“అత్తా…”

“తియ్యరా. అప్పుడు చేయని పని ఇప్పుడు చెయ్యి. నేను కిందనుంచి పట్టుకుంటాను. వాడు ఉలిక్కిపడితే నా చేతికి తెలుస్తుంది. అదేగా నీకు కావలసింది?”

ఆవిడ గుడ్డకింద అరచెయ్యి పెట్టింది. ఫిలెమన్ టోపీ అంచునుంచి పెద్దసూది తీసి, దారానికి మైనం రాశాడు. తోలుపట్టీతో నెట్టాడు. గుడ్డలో సూది దిగిన చప్పుడు చుట్టూ ఉన్న నావికులందరికీ వినిపించింది. దారం లాగి ముడివేశాడు. అంతే. గుడ్డ గుడ్డలా పడింది. మళ్ళీ ఎప్పుడూ కదల్లేదు.

“అత్తా?” అన్నాడు ఫిలెమన్. తల ఎత్తలేదు. “కదిలిందా?”

టాబితత్త చెయ్యి బయటికి తీసి గౌను అంచుకు తుడుచుకుంది.

“లేదు నాయనా. కొంచెం కూడా కదల్లేదు. వాడు డాక్టరు చెప్పినప్పుడే పోయాడు. నువ్వు చూసింది గాలే.”

అతను చాపమీద ముఖం పెట్టుకుని ఏడ్చాడు. నావికులు టోపీలు తీశారు.

ఆ తర్వాత ఫిలెమన్ ట్రెఫ్రీ జీవితంలో చెప్పుకోదగ్గవి తక్కువ. లిడియా అనే వలలల్లే అమ్మాయిని పెళ్ళిచేసుకున్నాడు. నలుగురు కూతుళ్ళు. పందెం వేసి కూర్చున్న చోటే పదహారు పచ్చి ఆల్చిప్పలు మింగాడు, పదిహేడోదానికి ఓడిపోయాడు. అతని చాపలు మామూలు చాపల్లా గాలి ఉంటే కదిలేవి, లేకపోతే లేదు. రాత్రిళ్ళు హాయిగా నిద్రపోయేవాడని, గురక సందంతా వినిపించేదని మా నాయనమ్మ అనేది. శనివారం చారు మాత్రం ఆగలేదు. మరుసటి వారం కూడా టాబితత్త మెట్లెక్కింది, ఆ తర్వాత ఇరవై మూడేళ్ళ పాటు ఎక్కుతూనే ఉంది. మోకాళ్ళు పట్టేశాక పనిపిల్లతో పంపేది.

ఆ పనిపిల్లే మా నాయనమ్మ. ఐర్లండులోని కోర్క్ నుంచి ఓడ దిగి, పదహారో ఏట టాబితత్త ఇంట్లో చేరింది. ముసలావిడ ఎడమ అరచేతి మధ్యలో చిన్న తెల్లటి మచ్చ ఉండేది. సూది గుచ్చిన మచ్చ. ఒక శనివారం చారు కాస్తుండగా హనోరా దాని గురించి అడిగింది. అప్పుడు టాబితత్త ఈ కథంతా చెప్పింది. చెప్పి చివర్లో, గరిటెతో చారు కలుపుతూ, ఉప్పు చాలిందా లేదా అని చెప్పినట్టుగా అంది.

“ఉలిక్కిపడిందే.”

“ఏమిటమ్మగారూ?”

“గుడ్డ. సూది దిగగానే నా అరచేతిలో ఉలిక్కిపడింది. చిన్నప్పుడు వాడికి ముల్లు తీస్తే ఎలా లాక్కునేవాడో అలాగే. నేను గట్టిగా అదిమిపట్టుకున్నాను, ఫిలెమన్‌కి కనపడకుండా. అందుకే సూది నా చేతిలోకి దిగింది.”

హనోరా ఆ మచ్చవైపు చూసింది. “అయితే ఆయన మీ అబ్బాయిని…”

టాబితత్త గిన్నెలో చారు పోసి మూతపెట్టి, ఆ పిల్ల చేతుల్లో పెట్టింది. “చల్లారిపోతుంది. ఫిలెమన్‌కి ఇచ్చి రా. మెట్లు జాగ్రత్త.”

హనోరా సందు దాటి, మేడ మెట్లెక్కింది. మధ్యాహ్నపు ఎండలో తెరచాపలు వేలాడుతున్నాయి, అన్నీ కదలకుండా. ఫిలెమన్ కళ్ళద్దాలు నుదుటిమీదికి తోసి, గిన్నె అందుకుని, మూత తీసి వాసన చూశాడు. నెరిసిన తల, నిశ్చింతగా ఉన్న ముఖం.

“అత్త ఏమైనా అందా పిల్లా?”

హనోరా అతని లావు బొటనవేలిని చూసింది.

“ఉప్పు చాలకపోతే వేసుకోమంది,” అంది.